వెనక గదికి ఫోన్ లైను

మచిలీపట్నం,
2011 జూన్ 12

బావగారికి రత్నకుమారి వందనాలు.

మీరూ కృపక్కా దేవుని దయ వల్ల క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అన్నయ్యకు బీపీ అదుపులోనే ఉంది. నాకు ఉందో లేదో చూసుకోవాలి. నర్సు ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని, ఇన్నేళ్లూ అందరికీ చూశాను గానీ ఈమధ్య నాకే చూసుకోవలసిన అవసరం కలుగుతోంది. కారణం ఫోను.

ఫోన్ చేస్తే పోయేదానికి ఈ ఉత్తరం ఏమిటని మీరు అనుకుంటారు. మా ఫోన్ హాల్లో ఉంటుందని మీకు తెలుసు. దాని పక్కనే అన్నయ్య పడకకుర్చీ. నేను రిసీవర్ ఎత్తి హలో అనగానే ఆయన చదువుతున్న పేపర్ మడిచి ఒళ్ళో పెట్టుకుంటాడు. అవతలివాళ్ళు ఎవరు, ఏం అడిగారు, నేను సరిగ్గా చెప్పానా లేదా అన్నీ ఆయనకు కావాలి. సెల్ ఉంది కదా అంటారేమో. ఈ పాత గోడల మధ్య సెల్ పలకదు. డాబా ఎక్కి అరవాలి. అప్పుడు అన్నయ్యతో పాటు వీధి వీధంతా వింటుంది.

పోయిన నెల బ్రాడ్‌బ్యాండ్ పెట్టించాను. లైన్‌మన్ వచ్చి మోడెమ్ కూడా హాల్లోనే, ఫోను పక్కనే బిగించాడు. వెనక నా గదిలో పెట్టమంటే, "ఇంటి లోపల వైరింగ్ మీరే చూసుకోవాలండీ" అని వెళ్ళిపోయాడు. దాని లైట్లు మిణుకు మిణుకుమంటుంటే వార్తలు చూడనివ్వడం లేదని అన్నయ్య దాని మీద వదిన అల్లిన లేసు గుడ్డ కప్పాడు. అది వేడెక్కి మాటిమాటికీ ఆగిపోతోంది.

నాకు ఫోనూ బ్రాడ్‌బ్యాండూ రెండూ వెనక గదిలోకి కావాలి. మీరు టెలిఫోన్ డిపార్ట్‌మెంటులో అంతకాలం చేశారు. ఎలా చెయ్యాలో వివరంగా రాయండి. అన్నయ్యకు చెప్పవద్దు. నాకు ఎందుకో కూడా అడగవద్దు.

మీ మరదలు
రత్న


గుడివాడ,
జూన్ 18

చిరంజీవి రత్నకుమారికి బావ ఆశీస్సులు.

ఎందుకో అడగవద్దన్నావు. అడగను. ఊహించుకుంటాను. దానికి నీ అనుమతి అక్కర్లేదు గదా.

తలుపేసుకుని మాట్లాడుకోవడానికి నీకొక గదీ, ఆ గదికొక ఫోనూ కావాలి. అన్నయ్యకు తెలియకూడదు. మా కాలంలో ఇలాంటివి కాలేజీ పిల్లలు చేసేవాళ్ళు, వాళ్ళకి కూడా ఇంత ధైర్యం ఉండేది కాదు. మీ అక్క నా భుజం మీదుగా ఇది చదువుతూ, "దానికి యాభై తొమ్మిదేళ్లండీ, సిగ్గులేకపోతే సరి" అంటోంది. ఆ సిగ్గు ఎవరికి లేదందో నాకు తేలలేదు. ఫోన్ మాటలకు వయసుతో పనిలేదని మాత్రం నా సర్వీసులో గ్రహించాను. నెలనెలా కొండంత బిల్లు వచ్చేది పెద్దవాళ్ళకే.

పని చాలా చిన్నది. హాల్లో గోడకి, ఫోన్ వైరు దిగేచోట తెల్ల డబ్బా ఉంటుంది. మూత విప్పితే రెండు తీగలు కనిపిస్తాయి. వాటికే ఇంకో రెండు తీగలు కలిపి, కిటికీ పైనుంచి వెనక గదిలోకి లాగు. అక్కడ అలాంటిదే ఒక డబ్బా బిగించు. దానికి ఒక ఫోనూ ఆ మోడెమూ తగిలించు. అయిపోయింది. సాయంత్రం టీ తాగేలోపు ముగుస్తుంది. నేనైతే కళ్ళు మూసుకుని చేస్తాను.

అవతలి మనిషిది మన సంఘమేనా, లేక బాప్టిస్టులా? ఆ ఒక్కటీ చెప్తే మీ అక్క కుదుటపడుతుంది.

జీవానందం


మచిలీపట్నం,
జూలై 3

బావగారికి,

మీరు కళ్ళు మూసుకుని చేస్తారన్నది నిజమే అయి ఉంటుంది. కళ్ళు తెరిచి చేసినవాళ్ళెవరూ అలా చెప్పరు.

కోనేరు సెంటర్‌లో వైరు కొని, అన్నయ్య ఆదివారం ఆరాధనకు ముందుగా వెళ్ళినప్పుడు మొదలుపెట్టాను. ఒంట్లో బాగాలేదని చెప్పి నేను గుడి ఎగ్గొట్టాను, ఆ పాపం మీ ఖాతాలోనే రాయమని ప్రార్థన చేసుకున్నాను. స్టూలెక్కి రెండు తీగలూ చేత్తో పట్టుకున్నానో లేదో ఫోన్ మోగింది. మోగేటప్పుడు ఆ తీగల్లో షాక్ కొడుతుందని మీరు రాయలేదు. చెయ్యి భుజం దాకా జివ్వుమంది. కిందకి దిగి రిసీవర్ ఎత్తితే అవతల కృపక్క, "ఏమే, అయిందా?" అని.

అయింది. అయ్యాక ఏమైందో వినండి. ఎవరైనా ఫోన్ చేస్తే బ్రాడ్‌బ్యాండ్ ఆగిపోతుంది. బ్రాడ్‌బ్యాండ్ నడుస్తుంటే ఫోన్లో అప్పడాలు వేయిస్తున్న చప్పుడు. అన్నిటికంటే ఘోరం ఇంకొకటి. నేను వెనక గదిలో మాట్లాడుతుంటే, హాల్లో రిసీవర్ ఎత్తినవాళ్ళకి రెండు గొంతులూ వినిపిస్తాయి. మొన్న గురువారం అలాగే నేను మాట్లాడుతుంటే, మధ్యలో అన్నయ్య గొంతు ఖంగున, "ఎవరమ్మా మాట్లాడేది? ఏ ఊరు?" అంది. డిప్యూటీ తహశీల్దారుగా చేసిన గొంతు, మీకు తెలుసుగా. అవతలి మనిషి భయపడి పెట్టేసింది.

మీ ఊహలకు అడ్డం పడుతున్నాను, అక్క కుదుటపడొచ్చు. అవతలి మనిషి పేరు రామలక్ష్మి. దివిసీమలో ఎదురుమొండి లంక. వాళ్ళాయన సముద్రం మీద వేటకి వెళ్తాడు, ఈమె చేపలు అమ్ముతుంది. వాళ్ళ కోడలు రేవతికి ఇప్పుడు అయిదో నెల. పోయిన ఏడాది మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. నేను పెద్దాసుపత్రిలో ఉన్నప్పటి నుంచీ ఆ వైపు ఆడవాళ్ళందరికీ మా ఇంటి నంబరు నోటికొచ్చు. రిటైరయ్యాక కూడా చేస్తూనే ఉన్నారు. ఎవరితోనూ చెప్పుకోలేనివి నాకు చెప్తారు. మగ గొంతు వినపడితే మాట పడిపోతుంది వాళ్ళకి. "ఆ అయ్యగారు తీస్తే నేను పెట్టేస్తానండీ, ఏవనుకోకండి" అంది రామలక్ష్మి. అలా పెట్టేసినవాళ్ళు ఎంతమందో, వాళ్ళకి ఏమైందో నాకు తెలియదు. రాత్రుళ్ళు అది తలచుకుంటే నిద్ర పట్టదు.

బ్రాడ్‌బ్యాండ్ అవనిగడ్డ డాక్టరమ్మ గ్రేస్ కోసం. ఆవిడ చిన్న ఆసుపత్రి నడుపుతోంది. ఈ ఆడవాళ్ళని నేను ఆవిడ దగ్గరికి పంపిస్తాను, ఆవిడ స్కానింగ్ రిపోర్టులు నాకు మెయిల్‌లో పంపిస్తుంది.

ఇప్పుడు చెప్పండి. ఈ పని సరిగ్గా ఎలా చెయ్యాలి? ఇంకొకటి. డిపార్ట్‌మెంటులో మీరు చేసింది బిల్లుల సెక్షన్ అనీ, ఇంట్లో బల్బు మార్చాలన్నా పక్కింటాయనను పిలుస్తారనీ అక్క ఫోన్లో చెప్పింది. అన్నయ్య కూడా విన్నాడు.

రత్న


గుడివాడ,
జూలై 11

చిరంజీవి రత్నకు,

మీ అక్కతో నేను మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు పులుసు చేసి పెట్టింది, మాట్లాడాను.

నీ ఉత్తరం చదివాక వేళాకోళం తగ్గించాను, పూర్తిగా మానలేదు. బిల్లుల సెక్షన్‌లో చేసినవాడినే గానీ లైన్లు వేసినవాళ్ళు నాకు స్నేహితులు. బస్సెక్కి పామర్రు వెళ్ళాను. అక్కడ కాంతారావు ఉన్నాడు, లైన్ల మీదే బతుకంతా గడిపి ఇప్పుడు జిరాక్స్ షాపు పెట్టుకున్నాడు. నేను నీకు రాసిన సలహా చెప్తే షాపులో కస్టమర్ల ముందు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

అతను చెప్పింది ఇది. ఒకే తీగ మీద మన మాటలూ బ్రాడ్‌బ్యాండూ కలిసి వస్తాయి. వాటిని విడదీసే చిన్న డబ్బా ఉంటుంది, స్ప్లిటర్ అంటారు. లైను ఇంట్లోకి దిగిన మొదటి చోటే, ఏ ఫోనుకీ తగలకముందే దాన్ని పెట్టాలి. మనం దానికి ముందే తీగలు కలిపేశాం, అందుకే అప్పడాల చప్పుడు. స్ప్లిటర్ తర్వాత నాలుగు తీగలున్న కేబుల్ ఒక్కటి వెనక గదికి లాగితే చాలు. రెండు తీగలు మోడెమ్‌కి, రెండు ఫోనుకి. ఒకదానికొకటి అడ్డం రావు. బొమ్మ గీసి ఇచ్చాడు, దీంతో జతచేస్తున్నాను. అక్షరాలు నావి, గీతలు అతనివి. నమ్మదగ్గవి గీతలు.

అన్నయ్య వినకుండా ఉండాలంటే ఒక స్విచ్చి పెట్టాలిట. అటు వేస్తే లైను హాల్లోకి, ఇటు వేస్తే నీ గదిలోకి. నీవైపు ఉన్నప్పుడు హాలు ఫోను మోగదు, ఎత్తినా ఏమీ వినపడదు.

స్విచ్చి సంగతి కాంతారావు చెప్తుంటే నాకు వేరే సంగతి గుర్తొచ్చింది. పోయిన వారం మీ అన్నయ్య, సుందరరాజు బావ, నాకు ఫోన్ చేశాడు. ఏదో అన్నాడు. అది రాయను. నీకు నువ్వుగా ఆయనతో మాట్లాడితే బాగుంటుందేమో చూడు. స్విచ్చి బిగించకముందే.

జీవానందం

తా.క. కృపను రాస్తున్నాను. మూడు రోజులు మాట్లాడలేదన్నది అబద్ధం. ఒక్క పూట.


మచిలీపట్నం,
ఆగస్టు 20

బావగారికి,

కాంతారావు గారికి నా కృతజ్ఞతలు చెప్పండి. బొమ్మ ప్రకారం చేశాం. ఈసారి ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను, నా చెయ్యి ఇంకా మీ సలహాని మరిచిపోలేదు. బ్రాడ్‌బ్యాండ్ ఆగకుండా వస్తోంది. ఫోన్లో చిన్న చప్పుడు కూడా లేదు. రేవతి స్కానింగ్ గ్రేస్ పంపితే తెర మీద చూశాను, బిడ్డ బాగుంది. రామలక్ష్మి ఇప్పుడు వారానికి రెండుసార్లు చేస్తోంది. మొన్న అరగంట మాట్లాడి, చివర్లో, "ఇంతసేపు ఎవరూ నా మాట ఇనలేదండీ నర్సమ్మగారూ" అంది.

స్విచ్చి నా గదిలోనే పెట్టాను. నావైపే వేసి ఉంచాను.

అన్నయ్యతో మాట్లాడమన్నారు. ఏం మాట్లాడను? ముప్పై ఏడేళ్ళు ఉద్యోగం చేసినదాన్ని, ఇంట్లో ఒక ఫోన్ కాల్ సొంతంగా మాట్లాడుకోవడానికి అర్జీ పెట్టుకోవాలా? హాల్లో ఫోన్ మోగకపోయేసరికి మొదటి రోజులు, "లైను పోయిందా?" అని అడిగాడు. లోపల బాగానే ఉందన్నాను. రిసీవర్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని కాసేపు చూశాడు. మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు పడకకుర్చీ వరండాలోకి లాక్కున్నాడు. పేపర్ అక్కడే చదువుతున్నాడు. లేసు గుడ్డ మడిచి నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. నేను కోరుకున్నది ఇదే గదా. మరి అన్నం వడ్డించేటప్పుడు ఆయన ముఖం చూడలేకపోతున్నాను.

మీరు రాయనన్న ఆ మాట ఏమిటో రాయండి.

రత్న


గుడివాడ,
ఆగస్టు 26

రత్నా,

అడిగావు కాబట్టి రాస్తున్నాను.

మీ అన్నయ్య ఫోన్ చేసి నా క్షేమం అడిగాడు, మీ అక్క క్షేమం అడిగాడు. ఆపైన ఆయన అన్న మాటలు ఇవి, ఒక్కటీ కలపలేదు.

"జీవానందం, ఉద్యోగంలో ఉండగా మా వరండాలో పొద్దున్నే పదిమంది కూర్చుని ఉండేవాళ్ళు. ఇప్పుడు నాకోసం ఎవరూ రారు. ఫోన్ మోగితే అది నాక్కాదని నాకు తెలుసు. అయినా ఎత్తుతాను. ఎవరో ఒకరు, అయ్యగారూ బాగున్నారా అంటారు. ఆ పూటకి అది చాలు. రత్న ఇప్పుడు లైను వెనక్కి లాగుతోంది. లైను వెళ్ళాక మనిషి కూడా వెళ్తుందేమో. ఆ అవనిగడ్డ డాక్టరు దగ్గరికి వెళ్ళిపోతుందని నా భయం."

మీ అక్కకు చెప్తే మొదట ఏడ్చింది, తర్వాత, "అంత కష్టంగా ఉంటే నోరు తెరిచి చెల్లితో చెప్పొచ్చుగా, తహశీల్దారు గొంతు దేనికి మరి" అని తిట్టింది.

ఆడవాళ్ళు నీకు చెప్పుకునే మాటలు ఆయన వినకూడదు. అందులో నీదే న్యాయం. కానీ ఆయన్ని పూర్తిగా లైను మీంచి తీసెయ్యాల్సిన పనిలేదేమో. ఎందుకో అడగవద్దని మొదటి ఉత్తరంలో రాశావు. ఇప్పుడు మాత్రం అడుగుతున్నాను. అవనిగడ్డ సంగతి నిజమేనా?

బావ


మచిలీపట్నం,
అక్టోబర్ 23

బావగారికీ అక్కకూ,

ఇన్నాళ్ళు రాయనందుకు కోప్పడకండి. మీ ఉత్తరం అందిన రోజే స్విచ్చి పగలు హాలు వైపు వేయడం మొదలుపెట్టాను. అన్నయ్య పడకకుర్చీ మర్నాటికి లోపలికి వచ్చేసింది. ఆడవాళ్ళకి సాయంత్రాలు చెయ్యమని చెప్పాను, అప్పుడు నావైపు ఉంటుంది. అలా సర్దుకున్నాం అనుకున్నాను. పోయిన మంగళవారం జరిగింది రాస్తాను. కొంత అన్నయ్య చెప్పింది, కొంత రామలక్ష్మి చెప్పింది.

ఆ రోజు నేను పామిడిముక్కలలో స్త్రీల సమాజం మీటింగుకి వెళ్ళాను. సెల్ ఆపి సంచిలో వేశాను. వాయుగుండం పట్టి పొద్దుటి నుంచీ ఒకటే వాన. మధ్యాహ్నం ఇంట్లో ఫోన్ మోగింది. అన్నయ్య ఎత్తి, "హలో, ఎవరు?" అన్నాడు. పెట్టేశారు. మళ్ళీ మోగింది. మళ్ళీ పెట్టేశారు. సాయంత్రం కోసం చూడకుండా ఇప్పుడే చేస్తున్నారంటే ఏదో తొందర ఉందని ఆయనకు తట్టింది. నా సెల్‌కి చేస్తే పలకలేదు.

మూడోసారి మోగితే ఎత్తి, ఊరికే ఉన్నాడట. అవతల ఊపిరి వినపడుతోంది, వాన చప్పుడు వినపడుతోంది. అప్పుడు మెల్లగా మొదలుపెట్టాడు.

"అమ్మా, పెట్టెయ్యకు. నేను రత్నకుమారి అన్నని. అది ఊళ్ళో లేదు. నువ్వేమీ చెప్పక్కర్లేదు. నేను అడుగుతాను. అవునైతే ఊఁ అను. కాకపోతే ఊరుకో. కడుపుతో ఉన్నామె గురించేనా?"

"ఊఁ."

"తలనొప్పి ఉందా?"

"ఊఁ."

"కళ్ళు మసకలు కమ్ముతున్నాయంటోందా?"

"ఊఁ."

"ముఖం, చేతులూ వాచాయా?"

"ఊఁ."

ఇవన్నీ ఆయనకెలా తెలుసనుకున్నారు? ఇన్నేళ్ళూ ఆ కుర్చీలో కూర్చుని, నేను ఎవరిని ఏం అడుగుతానో, ఏ జవాబు వస్తే నా గొంతు మారుతుందో వింటూనే ఉన్నాడు. ఈ మూడూ కలిస్తే నేను, "ఇప్పుడే బయల్దేరు" అంటానని ఆయనకు తెలుసు.

"ఎక్కడినుంచి, ఎదురుమొండా?"

"ఊఁ."

"పంటు మీద ఏరు దాటించి ఒడ్డుకి తీసుకురండి."

దానికి ఊఁ రాలేదు. కాసేపటికి రామలక్ష్మి నోరు తెరిచింది.

"గాలికి పంటు ఆపేశారండీ అయ్యగారూ."

"మీకు పడవ లేదా?"

"ఉందండి. మా ఆయన రాత్రంతా ఏటకెళ్ళొచ్చి తొంగున్నాడండి."

"లేపు."

ఆ ఒక్కమాటా పాత గొంతుతో అన్నాడట. "అయ్యగారు ఆ మాట అనేతలికి మా ఆయన్ని నేను లేపలేదండీ, ఫోన్లోంచే లేచాడు" అని రామలక్ష్మి నాతో చెప్పింది. తండ్రీ కొడుకూ కలిసి ఆ గాలిలో ఇంజన్ పడవ మీద రేవతిని ఏటిమొగ రేవుకి తెచ్చారు. అన్నయ్య ఈలోగా అంబులెన్స్‌కి ఫోన్ చేసి రేవు పేరు చెప్పాడు, గ్రేస్‌కి చేసి సిద్ధంగా ఉండమన్నాడు. అవనిగడ్డ దారిలో రేవతికి ఫిట్స్ వచ్చాయి. గ్రేస్ ఇంజక్షన్ ఇచ్చి, తనే అంబులెన్స్ ఎక్కి బందరు పెద్దాసుపత్రికి తీసుకొచ్చింది. ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. బరువు తక్కువ, వెచ్చగా ఉండే అద్దాల పెట్టెలో ఉంచారు. రేవతికి రెండు రోజులు తెలివి సరిగ్గా లేదు, ఇప్పుడు కూర్చుని కాఫీ తాగుతోంది. ఇంకో గంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదని గ్రేస్ అంది.

నేను ఇంటికొచ్చేసరికి తాళం వేసి ఉంది. పక్కింటివాళ్ళు చెప్తే పెద్దాసుపత్రికి పరిగెత్తాను. వరండా బల్ల మీద అన్నయ్య తడిసిన చొక్కాతో కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో ప్లాస్కు. పక్కన కాస్త ఎడంగా నేల మీద రామలక్ష్మి. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. నన్ను చూసి రామలక్ష్మి లేచొచ్చి చెవిలో, "ఫోనులో అయ్యగారు ఈయనేనాండీ? ఆ గొంతుకి ఇంకా లావుగా ఉంటారనుకున్నాను" అంది.

అన్నయ్య నన్ను అడిగిన మొదటి మాట, "పైపొట్టలో నొప్పి గురించి అడగడం మర్చిపోయాను. ఫర్వాలేదా?" అని. ఫర్వాలేదన్నాను. తర్వాత ఇద్దరం అక్కడే కూర్చుని ఆ ప్లాస్కులో కాఫీ తాగాం. నేను ఏడుస్తూ తాగాను.

రత్న


గుడివాడ,
అక్టోబర్ 31

రత్నా,

నీ ఉత్తరం మీ అక్క పైకి చదివింది. చదువుతూ మధ్యలో ఆగితే నేను అందుకుని చదివాను. నేను ఆగితే తను అందుకుంది. అలా ఇద్దరం కలిసి ఎలాగో పూర్తిచేశాం.

సుందరరాజు బావకి ఫోన్ చేసి మెచ్చుకుందామనుకున్నాను. ఎత్తగానే, "ఎవరమ్మా, ఏ ఊరు, ఎన్నో నెల?" అన్నాడు. నేను, జీవానందాన్ని బావా అంటే, "ఓ, నువ్వా, లైను ఖాళీగా ఉంచాలి, తర్వాత మాట్లాడదాం" అని పెట్టేశాడు. ముప్పై ఏళ్ళు అందరికీ ఫోన్ బిల్లులు పంపినవాణ్ణి, నాతో మాట్లాడ్డానికి ఆయనకి ఇప్పుడు తీరిక లేదు.

కాంతారావుకి కూడా చెప్పాను. జిరాక్స్ మిషను ఆపి విన్నాడు. ఆ స్విచ్చి ఇంకా బాగా పనిచేస్తోందా అని మాత్రం అడిగాడు, లైన్లవాళ్ళు అంతే.

అవనిగడ్డ గురించి అడిగినదానికి జవాబు రాలేదు. నువ్వు మర్చిపోయే మనిషివి కావు, నేను వదిలే మనిషిని కాను.

జీవానందం

తా.క. కృపను. పాపకి స్వెట్టరు అల్లుతున్నాను. కొలత తెలియక మీ బావ చెయ్యి చూసి అల్లితే పెద్దదైంది. మళ్ళీ విప్పాను.


అవనిగడ్డ,
డిసెంబర్ 6

బావగారికీ అక్కకూ,

పైన ఊరు చూడగానే మీకు జవాబు దొరికి ఉంటుంది. తొందరపడకండి, మొత్తం చదవండి.

నిజమే. మే నెలలోనే గ్రేస్ నన్ను ఇక్కడికి వచ్చి ఉండమంది. ఆసుపత్రి మీద గది ఉంది, కాన్పుల దగ్గర అనుభవం ఉన్న మనిషి తోడు కావాలి అంది. నేను అవుననలేదు, కాదనలేదు. వదిన పోయాక అన్నయ్యను ఒక్కణ్ణీ వదిలి ఎలా రాను? రాకుండా ఆ పనంతా వెనక గదిలోంచే చేసేద్దామనుకున్నాను. అన్నయ్యకు తెలిస్తే, నాకోసం ఆగకు వెళ్ళు అంటాడు, ఆ మాట అనిపించుకోవడం నాకిష్టం లేదు. అందుకే లైను అంత రహస్యంగా లాగాను. మీకు కూడా చెప్పలేదు.

రేవతినీ పాపనీ ఇంటికి పంపించిన రోజు రాత్రి భోజనాల దగ్గర చెప్పేశాను. "అన్నయ్యా, గ్రేస్ నన్ను రమ్మంటోంది" అన్నాను.

ఆయన మజ్జిగ కలుపుకుంటూ, "తెలుసు" అన్నాడు.

"ఎలా?"

"మే నెలలో ఆవిడ ఫోన్ చేస్తే ఎత్తింది నేనేగా. ముందు నన్నే అడిగింది, మీ చెల్లెల్ని పంపిస్తారా అని. కనుక్కుని చెప్తానన్నాను."

"మరి నన్ను అడగలేదేం?"

"అడిగితే వెళ్తానంటావని."

నేను గిన్నెలు తీస్తున్నట్టు నటించాను. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"వెళ్ళు రత్నా. నువ్వనుకున్నట్టు త్యాగం చేసి చెప్పడంలేదు. నాకు ఇక్కడ పనుంది. ఫోను ఎవరు చూస్తారు?"

అలా నిర్ణయమైంది. సోమవారం పొద్దున్నే బందరులో బస్సెక్కుతాను, గురువారం సాయంత్రానికి ఇల్లు చేరతాను. నేను లేని రోజుల్లో ఫోను అన్నయ్యది, అలవాటు కావాలని రెండు వారాల ముందు నుంచే ఆయన ఎత్తుతున్నాడు. ఎత్తగానే పేరు అడగడు. "అమ్మా, నాకు చెప్పొచ్చు, లేదా అవనిగడ్డ నంబరిస్తాను, నీ ఇష్టం" అంటాడు. చాలామంది నంబరు తీసుకుంటారు. కొందరు ఆయనకే చెప్తున్నారు, ముఖ్యంగా అత్తలు. కోడళ్ళ మీద ఫిర్యాదులు కూడా చెప్తున్నారట, అవి మాత్రం తన పరిధిలోకి రావంటున్నాడు. ఏం అడగాలో, దేనికి భయపడాలో నా దగ్గర కూర్చుని పాఠంలా నేర్చుకున్నాడు. పైపొట్ట నొప్పి మాత్రం అందర్నీ అడుగుతున్నాడు, మొన్న జలుబు చేసినామెను కూడా అడిగాడు.

అక్కా, స్వెట్టరు అందింది. ఎదురుమొండికి పంపించాను. ఇప్పటికి పెద్దదే గానీ పాప దాన్ని అందుకుంటుందన్న నమ్మకం వచ్చింది.

నిన్న ఇక్కడ నా మొదటి రోజు. పెట్టె ఇంకా విప్పలేదు, ఆసుపత్రి ఫోన్ మోగింది. గ్రేస్ ఎత్తి, "మీ అన్నయ్యగారు" అని నాకిచ్చింది. బస్సు బాగా దొరికిందా, అన్నం తిన్నావా అని అడుగుతాడనుకుని గొంతు సవరించుకున్నాను.

"చల్లపల్లి నుంచి ఒకామె చేసింది" అన్నాడు. "ఏడో నెల. కాళ్ళు వాచాయి. తలనొప్పి లేదు, కళ్ళు బాగానే ఉన్నాయి. అయినా రేపు పొద్దున్న నీ దగ్గరికి రమ్మన్నాను. ముందు బీపీ చూడు."

"సరే అన్నయ్యా. నువ్వు భోంచేశావా?"

"తర్వాత చెప్తాను, లైను ఖాళీ చెయ్యి" అన్నాడు.

ఇక ముగిస్తాను బావగారూ. ఆ చల్లపల్లి ఆమె వచ్చింది. తల్లిని తోడు తెచ్చుకుని గుమ్మం దగ్గర నిలబడి, బందరు అయ్యగారు పంపించారని చెప్తోంది.

మీ రత్న